కచేరీ ఎనిమిదింటికి: స్పానిష్‌లో ఎలా చెప్పాలి?

స్పానిష్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇప్పుడు టైమెంతో చెప్పడం త్వరగానే వచ్చేస్తుంది. ఫలానా కార్యక్రమం ఎన్నింటికో చెప్పాల్సి వస్తేనే తడబడతారు. నేను ఈ పాఠాన్ని ఇంగ్లీషు మీదుగా చెప్పను, నేరుగా తెలుగులోంచే చెప్తాను. దీనికి కావలసిందంతా మన నోట్లో ముందే ఉంది.

ఇప్పుడు టైమెంత అంటే "ఎనిమిదైంది" అంటాం. కచేరీ ఎప్పుడంటే "ఎనిమిదింటికి" అంటాం. స్పానిష్‌లో మొదటిది "సోన్ లాస్ ఓచో", రెండోది "ఎస్ ఆ లాస్ ఓచో". మధ్యలో వచ్చిన ఆ "ఆ" మన "కి" చేసే పనే చేస్తుంది. అడిగేటప్పుడు కూడా అది ముందుండాలి: "ఆ కే ఓరా ఎస్ ఎల్ కొన్సియెర్తో?" ఇక్కడ "ఎస్" అన్న ఏకవచన క్రియ గంటలకి సంబంధించింది కాదు, కచేరీది. కచేరీలు రెండుంటే "సోన్ ఆ లాస్ ఓచో" అయిపోతుంది. ఇది ఒక్కసారి పట్టుబడితే సగం టెన్షన్ పోతుంది.

మనం ఒంటిగంటని మిగతావాటినుంచి వేరుగా చూసినట్టే వాళ్ళూ చూస్తారు: "ఆ లా ఊనా", ఆ తర్వాత అన్నీ "ఆ లాస్". ఏడున్నర "సియెతే ఈ మేదియా". పావు తక్కువ ఎనిమిదిని స్పెయిన్‌లో "ఓచో మేనోస్ క్వార్తో" అంటారు, అచ్చం మన లెక్కే. మెక్సికో లాంటి చోట్ల "క్వార్తో పారా లాస్ ఓచో" అని వినిపిస్తుంది.

ఎక్కడ అని చెప్పేటప్పుడు మాత్రం తెలుగు సాయపడదు. కచేరీ థియేటర్లో ఉంది, థియేటర్ ఆ వీధిలో ఉంది: మనకి రెండూ "ఉంది"యే. స్పానిష్‌లో కార్యక్రమానికి "ఎస్", కట్టడానికి "ఎస్తా". దీన్ని బట్టీ పట్టడం కాదు, రోజూ వాడుతూ అలవాటు చేసుకోవాలనే నేను గట్టిగా చెప్తాను.

రైళ్ళ బోర్డుల మీద 20:30 అని 24 గంటల లెక్కలో ఉంటుంది. మాటల్లో అదే "ఓచో ఈ మేదియా". పొద్దున్నా రాత్రా అన్నది తేల్చడానికి వెనక "దే లా మన్యానా" (పొద్దున), "దే లా తార్దే" (మధ్యాహ్నం, సాయంత్రం), "దే లా నోచే" (రాత్రి) చేరుస్తారు. గంట చెప్పకుండా ఉత్తినే సాయంత్రం అనాలంటే స్పెయిన్‌లో "పోర్ లా తార్దే". ఈ తార్దే మన మధ్యాహ్నాన్నీ సాయంత్రాన్నీ కలిపేసుకుంటుంది. సాయంత్రం ఏడు కూడా తార్దేనే. స్పెయిన్ గడియారాలు 1940లో మధ్య యూరప్ టైముకి మారాయి, దేశం మాత్రం పడమటి కొసనే ఉంది. అందుకే వేసవిలో అక్కడ చాలా ఆలస్యంగా చీకటి పడుతుంది.

అర్ధరాత్రి దాటిన వేళల్ని "మద్రుగాదా" అంటారు. టికెట్ తీసుకునేటప్పుడు ఇది బాగా చూసుకోవాలి: "మద్రుగాదా దెల్ దొమింగో" అంటే శనివారం రాత్రి గడిచి ఆదివారంలోకి వచ్చిన వేళ. మార్చి చివరి ఆదివారం వేసవి టైము కోసం గడియారాలు ముందుకి జరిగేది ఆ వేళలోనే, రెండింటికి మూడవుతుంది. స్పెయిన్‌కే చెందిన కానరీ దీవుల్లో అదే క్షణాన ఒంటిగంటకి రెండవుతుంది, ఎందుకంటే వాళ్ళు ఒక గంట వెనక. స్పెయిన్ రేడియోలో టైము చెప్పాక వెంటనే కానరీ టైము కూడా చెప్తారు. వినడం ప్రాక్టీసు చేయాలనుకునేవాళ్ళని నేను ముందు ఆ వార్తలే పెట్టుకోమంటాను, ప్రతి గంటకీ రెండు టైములు చెవిన పడతాయి.