ఐదో ఛానల్లో ఇరుక్కున్న రెక్క

గత సంక్రాంతి సెలవుల్లో నా చేతిలోంచి వెళ్లిన రిమోట్ విమానం రెండే రెండు సెకన్లు ఎగిరింది. సన్‌బోర్డు కోసి, అతికించి, నాలుగు ఆదివారాలు ధారపోసి చేసుకున్న తోకలేని రెక్క అది. విసరగానే కుడికి వాలింది. స్టిక్ ఎడమకు వంచాను. ఇంకా కుడికి వాలి ముక్కుతో నేల దున్నింది.

కారణం వెతకనక్కర్లేదు. నా పాత ఆరు ఛానళ్ల ట్రాన్స్‌మిటర్‌కు (చేతిలో పట్టుకునే రిమోట్; విమానంలో ఒక్కో కదలికకు ఒక్కో ఛానల్) జ్ఞాపకం అనేది లేదు. కింది అంచున కదలిక దిశను తిప్పేసే, అగ్గిపుల్ల తలంత రివర్స్ స్విచ్చులు వరసగా ఉంటాయి. ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల మామూలు విమానం) ఎగరేశాక రెక్క తీస్తే వాటిలో రెండింటిని గోటితో అటునుంచి ఇటు జరపాలి. ఆ రోజు ఒకటే జరిపాను.

మా ఇల్లు బోయినపల్లిలో. బేగంపేట విమానాశ్రయం కూతవేటు దూరం కాబట్టి ఇక్కడ మేడ మీద నుంచి ఎగరేసే మాటే లేదు. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో పచ్చరంగు చూసుకుని, విజయవాడ రహదారిలో చౌటుప్పల్ దాటాక, కోతలు అయిన పొలంలో రైతు అనుమతితో ఎగరేస్తాం. పోను రాను మూడు గంటలు. రెండు సెకన్ల కోసం అంత దూరం వెళ్లి, ముక్కల్ని గోనెసంచిలో వేసుకుని తిరిగొస్తూ దారిలోనే నిశ్చయించుకున్నాను, ఇక ప్రోగ్రాం చేసుకునే ట్రాన్స్‌మిటర్ కొనాల్సిందేనని.

మా గుంపులో ఒక మాస్టారు ఉన్నారు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఆన్ చేస్తే ఒకరి విమానం కూలిపోయే, క్రిస్టల్ ముక్కే ఫ్రీక్వెన్సీని నిర్ణయించే కాలం నుంచి ఎగరేస్తున్న మనిషి. ఏది కొనాలని అడిగితే ఆయన కంపెనీ పేరు చెప్పలేదు. “నీ పక్కన నిలబడేవాళ్లది ఏ మోడ్ బాబూ?” అని అడిగారు. మా వాళ్లందరిదీ మోడ్ 2, అంటే మోటారు వేగం ఎడమ స్టిక్ మీద. “అయితే నీదీ అదే. నీకు చెయ్యి వణికినప్పుడు నేను లాక్కుని దింపాలి కదా!” ఇంతకంటే మంచి సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

మిగతాది నేనే తేల్చుకున్నాను. రేడియోమాస్టర్ బాక్సర్ అనే ట్రాన్స్‌మిటర్ తీసుకున్నాను. స్టిక్కుల్లో అరిగిపోయే పొటెన్షియోమీటర్లు ఉండవు, అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లు ఉంటాయి. తెర నలుపు తెలుపే అయినా ఎండలో బాగా కనిపిస్తుంది. అసలు తర్జనభర్జన వేరే. అందులో రెండు రకాల మధ్య ఊగిసలాడాను. విమానంలో కూర్చుని సిగ్నల్ అందుకునే పాత బ్రాండ్ల రిసీవర్లతో మాట్లాడే, నాలుగు రేడియో చిప్‌ల కలగలుపు మాడ్యూల్ ఒకటి, ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అనే కొత్త రేడియో పద్ధతిది ఒకటి. నా దగ్గర పాత రిసీవర్లు రెండు ఉన్నాయి, పారేయడానికి ప్రాణం ఒప్పలేదు. చివరికి ఎల్ఆర్ఎస్ వైపే మొగ్గాను. ఎక్కువ దూరం అందుతుందని 900 మెగాహెర్ట్జ్ రకం మీద కూడా కన్ను పడింది కానీ, విదేశాల్లో అమ్మే ఆ పెట్టెలు ఎక్కువగా అక్కడి 915 బ్యాండుకు చేసినవి. లైసెన్సు లేకుండా వాడుకోవడానికి మన దేశంలో వదిలిన పట్టీ 865 దగ్గర మొదలవుతుంది. కంటికి కనిపించే దూరంలో ఎగరేసే నాకు 2.4 గిగాహెర్ట్జ్ చాలు.

పెట్టె విప్పిన రాత్రి నిద్ర లేదు. ఇందులో నడిచే ఎడ్జ్ టీఎక్స్ సాఫ్ట్‌వేర్ మన మాట అక్షరాలా వింటుంది, మన మనసులో ఉన్నది మాత్రం దానికి పట్టదు. మొదట ఇన్‌పుట్స్, తర్వాత మిక్సెస్, చివర అవుట్‌పుట్స్. వేళ్లు చెప్పే మాట ఇన్‌పుట్. అది ఏ ఛానల్‌కు, ఎంత పాళ్లలో వెళ్లాలన్నది మిక్స్. అక్కడున్న సర్వో (విమానం పలకల్ని కదిపే చిన్న మోటారు) ఎటు, ఎంతవరకు తిరగాలన్నది అవుట్‌పుట్. ఈ మూడు వాక్యాలు ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే రెండు రాత్రులు మిగిలేవి. ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ పలక తలకిందులుగా కదులుతోందని మిక్స్‌లో వెయిట్‌ను, అంటే పాళ్లను, మైనస్ 100 చేశాను. సరిపోయింది. తర్వాత నెమ్మదిగా దిగడానికి రెక్క వెనక అంచు పలకల్ని, అంటే ఫ్లాప్స్‌ను, దించినప్పుడు ముక్కు లేవకుండా ఎలివేటర్‌ను కాస్త కలిపితే, ఆ కలిపిన భాగం మాత్రం ఎదురు తిరిగింది. సర్వో దిశను అవుట్‌పుట్స్‌లోనే తిప్పాలి, మిక్స్‌లో విమానం భాషే మాట్లాడాలి.

ఇక ఐదో ఛానల్. ట్రైనర్ రెండు ఎయిలరాన్లకూ (విమానాన్ని పక్కకు వాల్చే రెక్క పలకలు) వేర్వేరు సర్వోలు పెట్టాను. పైకి లేచే ఎయిలరాన్ ఎక్కువగా, కిందికి దిగేది తక్కువగా కదిలితే మలుపులో ముక్కు ఎదురు వైపు ఈడ్చదు. అవసరమైతే రెండింటినీ కలిపి దించి ఫ్లాప్స్‌గానూ వాడుకోవచ్చు. మొదటి నాలుగు ఛానళ్లు ఎయిలరాన్, ఎలివేటర్, థ్రాటిల్ (మోటారు వేగం), రడ్డర్ (తోక మీది నిలువు పలక) తీసేసుకున్నాయి కాబట్టి, కుడి ఎయిలరాన్‌ను ఐదుకు కలిపాను. స్టిక్ మెల్లగా కుడికి జరిపాను. ఎడమది నూనె రాసినట్టు దిగింది. కుడిది మాత్రం కదల్లేదు, కదల్లేదు, ఒక్కసారిగా టక్‌మని ఈ కొస నుంచి ఆ కొసకు దూకింది. వెనక్కి తెస్తే మళ్లీ టక్. మధ్యలో నిలవడమే లేదు.

సర్వోలో పళ్లు విరిగాయనుకున్నాను. కోఠి గుజరాతీ గల్లీ దాకా వెళ్లి ఇంకో తొమ్మిది గ్రాముల సర్వో తెచ్చాను. అదీ టక్. తీగ మార్చాను. టక్. మూడో రోజు సాయంత్రం మా ఆవిడ “ఆ గడియారం ఎప్పుడు ఆగుతుంది?” అని అడిగింది. చివరికి తప్పు చదువుకోకుండా మొదలుపెట్టిన నాదేనని తేలింది. ఎల్ఆర్ఎస్‌లో ఐదో ఛానల్ మోటారుకు తాళం వేసి తీసే స్విచ్చు కోసం కేటాయించినది. మామూలు అమరికల్లో అవును, కాదు అన్న రెండు మాటలే అది మోస్తుంది. మొదటి నాలుగు ఛానళ్లకు వెయ్యి పైచిలుకు మెట్లుంటాయి. ఆరు నుంచి మొదలయ్యేవాటికి వైడ్ మోడ్ అనే అమరిక పెడితే 64 లేదా 128. అందుకని సున్నితంగా కదలాల్సిన కుడి ఎయిలరాన్‌ను నాలుగుకు తెచ్చి, అంత పనిలేని రడ్డర్‌ను ఆరుకు పంపాను. వైడ్ మోడ్‌కు మార్చాలంటే రిసీవర్‌ను ఆపి ఉంచాలి. అది తెలియక ఇంకో అరగంట మెనూతో కుస్తీ పట్టాను.

దిశలు సరిచూసుకోవడానికి మాస్టారు చెప్పిన పద్ధతి ఒకటే. విమానం వెనక నిలబడాలి. స్టిక్ ఏ వైపు వంచితే ఆ వైపు ఎయిలరాన్ పైకి లేవాలి. పైకి లేచిందాన్ని బిగ్గరగా నోటితో అనాలి. నేను “కుడి పైకి, ఎడమ పైకి” అంటుంటే మా అమ్మాయి హాల్లోంచి వచ్చి వింతగా చూసింది.

సిగ్నల్ తెగితే మోటారు తానే ఆగే ఏర్పాటును, అంటే ఫెయిల్‌సేఫ్‌ను, పరీక్షించడానికి ప్రొపెల్లర్ ఊడదీశాను, ఇది తప్పనిసరి. మోటారు సగం వేగంలో తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపేశాను. క్షణంలో మోటారు ఆగింది, ఎయిలరాన్లు మధ్యకు వచ్చాయి. థ్రాటిల్ తాళం కోసం మూడో ఛానల్‌ను మైనస్ 100 దగ్గర బంధించే ప్రత్యేక ఫంక్షన్‌ను ఒక స్విచ్చుకు కలిపాను. ట్రాన్స్‌మిటర్‌లో ఉన్న గొంతు ఇంగ్లీషుది. మెమరీ కార్డులో మన ధ్వని ఫైళ్లు వేసుకోవచ్చని తెలిశాక అమ్మాయి గొంతు రికార్డు చేశాను. నాలుగు నిమిషాలు కాగానే ట్రాన్స్‌మిటర్ “నాన్నా, బ్యాటరీ అయిపోతోంది, దిగు” అంటుంది. స్టిక్ మధ్యలో కదలికను మెత్తబరిచే ఎక్స్‌పో 30 శాతం పెట్టి, కంప్యూటర్‌కు తీగ కలిపి సిమ్యులేటర్‌లో వారం రోజులు చెయ్యి తిప్పుకున్నాను.

చౌటుప్పల్ పొలంలో ట్రైనర్ మొదటి రోజే నాలుగు బ్యాటరీలు ఎగిరింది. ప్రతిసారీ అమ్మాయి గొంతు పిలవగానే పక్కనున్నవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు.

తర్వాతి వారం ఆ పాత రెక్కకు సన్‌బోర్డు అతుకులు వేసి, రెండో మోడల్‌గా చేర్చాను. తెర మీద ఎంచుకున్న విమానం తప్ప వేరేది కదలకుండా చూసే మోడల్ మ్యాచ్ ఆన్ చేసి రెండు విమానాలకూ వేర్వేరు రిసీవర్ నంబర్లు ఇచ్చాను. సరిగ్గా పనిచేస్తుందో లేదోనని కావాలనే తప్పు చేశాను. తెర మీద ట్రైనర్‌ను ఎంచుకుని, బ్యాటరీ మాత్రం రెక్కకు పెట్టాను. రిసీవర్ దీపం మూడుసార్లు మెరిసి ఆగడం, మళ్లీ మూడుసార్లు మెరవడం మొదలుపెట్టింది. స్టిక్కులు రెండూ నాలుగు మూలలకూ తిప్పాను. రెక్క ఉలకలేదు, పలకలేదు.