అది బల్లెం కాదు, అంకుశం

కొలంబోలో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నాకీ పాత ఆయుధాల పిచ్చి పట్టుకుంది. పాత సామాన్ల కొట్లో ఓ మూల నిలబెట్టిన కర్ర చూపించి, "క్యాండీ రాజుల నాటి యుద్ధ బల్లెం" అన్నాడు కొట్టాయన. ఇంచుమించు నా ఎత్తు ఉంది. కర్ర పొడుగునా ఎరుపు, పసుపు, నలుపు లక్క పట్టీలు. కొసన ఇనుప మొన, దాని పక్కనుంచి కిందికి వంగిన కొక్కెం. గుర్రం మీదివాణ్ని కిందికి లాగడానికట ఆ కొక్కెం! నమ్మేశాను. కొండలూ అడవులూ దాటి ఎక్కాల్సిన క్యాండీకి గుర్రపు దండు ఎక్కణ్ణుంచి వస్తుందని ఒక్క క్షణం ఆలోచించినా నా డబ్బులు మిగిలేవి.

ఆర్నెల్ల తర్వాత మాతలే దగ్గరి హపువిదకి వెళ్లాను. లక్క పనికి పేరున్న ఊరు. అక్కడి పెద్దాయనకి ఫోన్లో ఫొటో చూపిస్తే ఒకటే మాట అన్నాడు: "హెండువ." మావటి అంకుశం! కొక్కెం లోపలి వంపు మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఇనుము అరిగి నునుపు తేలింది. మొన మాత్రం పెద్దగా అరగలేదు. ఎక్కువ పని చేసింది కొక్కెమే.

నా మొహం చూసి జాలేసిందేమో, పని చేసి చూపించాడు. లక్క ముద్దని నిప్పుల సెగకి మెత్తబరిచి, సన్నటి దారంలా సాగదీసి, కర్ర మీద ఆనించి, బొటనవేలి గోటితో పుటుక్కున తుంచాడు. కుంచె ఊసే లేదు. సింహళంలో నియపొత్త అంటే గోరు. ఆ పనికి పేరు కూడా దాన్నిబట్టే వచ్చింది.

అప్పట్నుంచి పాత ఆయుధం చేతికొస్తే మొన ఆఖర్న చూస్తాను, కర్ర ముందు చూస్తాను. పెయింటైతే సొట్టల్లోకి కూడా దిగి ఉంటుంది. పాత లక్క గాజు పెచ్చులా అంచు తేలి ఊడుతుంది. ఆ తర్వాత మొన కూర్చున్న గొట్టం దగ్గర మేకు బెజ్జం. నా అంకుశానికి ఇనుములో ఒకటే బెజ్జం, కర్రలో రెండు. అంటే మొనా కర్రా కూడా ఒకదానికొకటి పుట్టినవి కావు. ఇది రెండో దెబ్బ.

సింహళుల అసలు పొడుగుకర్ర ఆయుధం చూడాలంటే పటిస్థానయ చూడాలి. నడుమ ఆకులాంటి అలుగు, దాని మొదట్లో రెండు పక్కలా చిన్న రెక్కలు. ఆ పేరు వింటే నాకు పోర్చుగీసువాళ్ల పర్తజాన అనే బల్లెం గుర్తొస్తుంది. వాళ్లు ఆ దీవిలో దిగింది 1505లో కదా.

క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడిది నాయక్కర్ వంశం. 1739 నుంచి ఆ సింహాసనం మదురై వైపు నుంచి వెళ్లిన మన తెలుగువాళ్లదే. 1815లో ఇంగ్లీషువాళ్లు ఆయన్ని పట్టుకుని, 1816లో వేలూరుకి పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. క్యాండీ వాళ్ల చేతికి పోయిన ఒప్పందం తేదీ 1815 మార్చి 2. శ్రీలంక పురావస్తు చట్టం గీత గీసింది కూడా ఆ తేదీ దగ్గరే. అంతకు ముందుదని తేలితే లైసెన్సు లేకుండా దేశం దాటించకూడదు. ఇక కొట్లవాళ్ల లెక్క చూడండి: కొనేటప్పుడు వస్తువు 1815కి ముందుది, విమానం ఎక్కేటప్పుడు తర్వాతది!

నేను ఆ లెక్క జోలికి పోలేదు. వచ్చేసేటప్పుడు అంకుశాన్ని అక్కడి స్నేహితుడికిచ్చి వచ్చాను. హాల్లో తగిలించాడు. వచ్చినవాళ్లకి దాన్ని యుద్ధ బల్లెమనే చెబుతున్నాడట, గుర్రాల కథతో సహా.