ముందు ట్యూనర్, తర్వాతే డివైస్

నా 2017 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ కారుకి ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించాలని మూడు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఆ పనికి కాబ్ కంపెనీ చేతి పరికరం యాక్సెస్‌పోర్టా, లేక ఈక్యూటెక్ సాఫ్ట్‌వేరా? డాలస్‌లో రాత్రుళ్లు నాకు ఇదే ధ్యాస.

తొందరపడి ఒకాయన దగ్గర పాత యాక్సెస్‌పోర్ట్ కొన్నాను. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్‌తో కనెక్ట్ అయ్యే సాకెట్) కేబుల్ గుచ్చి చూస్తే, అది వేరే కారుకు లాక్ అయి ఉంది. ఆ కారులోంచి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే తప్ప ఇంకో కారుకు పనికిరాదు. ఆయనేమో ఆ కారు ఎప్పుడో అమ్మేశాడట! పాతది కొనేవాళ్లు దయచేసి ముందు ఈ ఒక్క మాట అడగండి.

ఈక్యూటెక్‌లో లైసెన్స్ కారు ఈసీయూకే (ఇంజిన్ కంప్యూటర్‌కే) ముడిపడి ఉంటుంది. రెండూ మంచివే. నేను మాత్రం ట్యూనర్‌ని బట్టి తేల్చుకున్నాను. నాకు గురి కుదిరిన మనిషి రోజూ పనిచేసేది యాక్సెస్‌పోర్ట్ మీదే, అందుకే కొత్తది కొన్నాను. ఇక్కడ దొరికే 93 ఆక్టేన్ పెట్రోల్‌కు మ్యాప్ (ఇంజిన్ సెట్టింగుల ఫైల్) రాసిచ్చాడు. కాలిఫోర్నియాలో 91 కొట్టించే మిత్రులు ఇదే మ్యాప్ అడుగుతున్నారు, వద్దు. 91కి నాక్‌ను, అంటే సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడాన్ని, తట్టుకునే శక్తి తక్కువ. నాక్ వస్తే పిస్టన్లకే ప్రమాదం.

మొన్న మధ్యాహ్నం మండే ఎండలో హైవే ర్యాంపు మీద థర్డ్ గేర్‌లో పూర్తిగా తొక్కాను. ఆ వెంటనే చూసింది స్పీడు కాదు, యాక్సెస్‌పోర్ట్ చిన్న స్క్రీన్ మీద డైనమిక్ అడ్వాన్స్ మల్టిప్లయర్. నాక్ ఉంటే ఆ అంకె పడిపోతుంది. పూర్తి విలువ 1.00 దగ్గరే నిలబడింది. అప్పుడు గానీ టెన్షన్ తీరలేదు.