బుడమేరులో మునిగిన కారుకు నేనేసిన అతుకు

నిన్న సాయంత్రం కారు అడుక్కి పైపు పెట్టి పావుగంట నీళ్ళు కొట్టాను. మా అబ్బాయి లోపల టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాడు. "చుక్క కూడా రాలేదమ్మా" అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే ఇది రాస్తున్నాను.

కారు మా నాన్నగారిది, 2003 మారుతి 800. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు ఇంటి ముందే సీట్ల పైదాకా మునిగి రోజుల తరబడి అలాగే ఉంది. పాత బండికి ఫుల్ ఇన్సూరెన్సు దండగని మాతో థర్డ్ పార్టీ ఒక్కటే కట్టించిన ఏజెంటు ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. పైసా రాలేదు. ఇంజను పని నెలలో అయిపోయింది. తప్పు జరిగింది కార్పెట్ దగ్గర. పైపైన ఎండబెట్టి మళ్ళీ పరిచేశాం. దాని కింది మెత్తలో తడి, బురద అలాగే ఉండిపోయాయి. ఫ్లోర్ రేకులో నీళ్ళు దిగే బెజ్జాలు ఒండ్రుతో పూడుకుపోయాయి. ఈ ఎండాకాలం యాక్సిలరేటర్ దగ్గర మడమ కింద మెత్తగా తగిలితే కార్పెట్ ఎత్తాను. కింద రోడ్డు కనిపించింది. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రికల్లో మునిగిన కారు ఇంకా నడుపుతున్నవాళ్ళు దయచేసి ఒక్కసారి కార్పెట్ ఎత్తి చూసుకోండి. పైన రంగు బాగానే ఉంటుంది. తుప్పు తినేది అడుగునుంచి.

ఆటోనగర్‌లో మూడు షాపులు తిరిగాను. ఒకాయన తుక్కుకి వేసేయమన్నాడు. ఇంకొకాయన పైన రేకు పెట్టి రివెట్లు కొట్టి తారు పూస్తానన్నాడు. మూడో ఆయన నా మొహం కూడా చూడకుండా "మీవారిని పంపండమ్మా, ఆయనతో మాట్లాడతాం" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. కరెంటు అంటే ఏమిటో, వేడి ఎలా పాకుతుందో నాకు తెలుసు. తారు పూత ఎందుకు పనికిరాదో కూడా తెలుసు. లారీకి ఉన్నట్టు మారుతికి విడిగా ఛాసిస్ ఉండదు. ఆ రేకులే దాని ఎముకలు. సీటు బోల్టులు దిగేది కూడా ఆ ఫ్లోర్‌లోకే. ఇంటికొచ్చేలోపే నేనే చేసుకోవాలని నిర్ణయించుకున్నాను.

వన్‌టౌన్‌లో చిన్న మిగ్ వెల్డింగ్ మిషను (తీగని తనే తోస్తూ అతికేది), ఫ్లక్స్ తీగ (లోపల పొడి నింపిన వెల్డింగ్ తీగ), ముసుగు, గ్రైండరు కొన్నాను. మామూలు ప్లగ్గులో పెడితే ఎంసీబీ పడిపోతోంది. ఏసీకి వాడే 16 యాంప్‌ల ప్లగ్గులో పెట్టాక ఆ బాధ తీరింది. బ్యాటరీ, సీట్లు, కార్పెట్ పీకేశాం. పెట్రోలు పైపు ఫ్లోర్ కిందనుంచే వెళుతుంది కాబట్టి అది ఎక్కడెక్కడుందో సుద్దముక్కతో పైన గీసుకున్నాను. వెల్డింగ్ చేసినంతసేపూ మావాడు తడి గోనెసంచి, బకెట్ నీళ్ళు పెట్టుకుని కింద కాపలా. అడుగున అంటుకున్న తారు పూత రెండుసార్లు మండింది. మనిషి తోడు లేకుండా ఈ పని మొదలెట్టొద్దు.

ఇక అసలు కథ. మొదటి ఆదివారం బెజ్జం ఐదు రూపాయల బిళ్ళంత ఉంది. సాయంత్రానికి అరచేయంత అయింది. వెల్డింగ్ టార్చ్, అంటే తీగ బయటికొచ్చే పిడి, ఆనించగానే అంచు కరిగి ఊడిపోతోంది. ఆ అంచుకి ఇంకో చుక్క వేస్తే అదీ పోతోంది. కరెంటు తగ్గించాను. అప్పుడు తీగ అంటుకోకుండా చిటపటలాడుతూ ఉండలు ఉండలుగా పడింది. అతుకు చూస్తే మాడిన అట్టులా బుడగలు. మూడు ఆదివారాలు ఇదే వరస. పక్కింటి ఆయన గోడ మీదుగా చూసి "ఆటోనగర్లో ఇచ్చుంటే ఈపాటికి అయిపోయేది కదండీ" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

చిటపటల సంగతి ముందు తేలింది. మిషను మూత తీసి చూస్తే టార్చ్ వైరు ప్లస్‌కి, ఎర్త్ మైనస్‌కి ఉన్నాయి. అది గ్యాస్‌తో వాడే వట్టి తీగకి సరిపోయే అమరిక. గ్యాస్ లేకుండా వాడే ఫ్లక్స్ తీగకి తిరగేసి, టార్చ్ మైనస్‌కి పెట్టాలి. "గ్యాస్ అక్కర్లేదు మేడం, పెట్టి కొట్టేయడమే" అని అమ్మినవాడు ఈ ఒక్క ముక్క చెప్పుంటే నా మూడు ఆదివారాలూ మిగిలేవి. ఎర్త్ క్లిప్పు కూడా నేను రంగు మీదే పెట్టాను. అక్కడ మెరిసేదాకా గీకి పెడితే ఆర్క్, అంటే తీగ కొస దగ్గర వెలిగే కరెంటు మెరుపు, నిలకడగా వచ్చింది.

అయినా బెజ్జాలు పడటం ఆగలేదు. మా వీధి చివర టింకరింగ్ మానేసిన పెద్దాయన ఒకరున్నారు. సిగ్గు విడిచి వెళ్ళి అడిగాను. వచ్చారు. మిషను వైపు చూడలేదు. స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోర్ మీద తడుతూ పోయారు. బెజ్జం చుట్టూ "దబ్, దబ్" మంటోంది. జానెడు దూరం వెళ్ళాక "ఠంగ్" మంది. అక్కడ సుద్దతో గీసి, "చివికిన గుడ్డకి కుట్టు నిలుస్తుందా తల్లీ? ఇక్కడిదాకా కోసెయ్" అన్నారు.

కారు రేకు కొత్తదైనా మిల్లీమీటరు కూడా ఉండదు. తుప్పు తిన్నాక బెజ్జం చుట్టూ మిగిలేది అప్పడం. కరిగేటంత లోహమే అక్కడ లేనప్పుడు ఎంత తక్కువ కరెంటు పెట్టినా కాలిపోతుంది. ఇది నాకు ముందే తట్టాల్సింది. బెజ్జం పెద్దదవుతుందనే భయంతో అంచుల్నే పట్టుకు వేలాడాను. గ్రైండరుతో కొయ్యడం మొదలుపెట్టాక అట్టపెట్టె మూతంత రేకు వచ్చేసింది. భయం కూడా దాంతోనే పోయింది.

శుభలేఖ అట్టతో కొలత కత్తిరించి, దాని ప్రకారం 20 గేజి సీఆర్ రేకు (జింకు పూత లేని వట్టి ఉక్కు రేకు) కోశాను. చుట్టూ సెంటీమీటరు ఎక్కువ ఉంచాను, పాత రేకు మీదికి ఎక్కేలా. జింకు పూత వేసిన జీఐ రేకు వద్దు. దాని మీది జింకు కాలిన పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. చుక్క తర్వాత చుక్క పక్కపక్కనే వెయ్యలేదు. చక్రం నట్లు బిగించినట్టు ఒకటి ఇటు, ఒకటి ఎదురుగా అటు. చెయ్యి ఆన్చగలిగేటంత చల్లారాకే తర్వాతిది. రేకు వంకర పోలేదు. ఎక్కడైనా చిన్న బెజ్జం పడితే వెనక చదును చేసిన రాగి గొట్టం ముక్క ఆనించి పూడ్చాను. వేడిని రాగి లాగేసుకుంటుంది, అతుకు దానికి అంటుకోదు. ముసుగు లేకుండా "ఒక్క చుక్కే కదా" అని ఒకసారి కొట్టాను. ఆ అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మండి తెల్లారేదాకా నిద్ర లేదు. ఒక్క చుక్కకి కూడా ముసుగు దించాల్సిందే.

తర్వాత అతుకు అంచులకి రెండువైపులా సీలెంటు, ప్రైమరు, అడుగున నల్ల కోటింగు. నీళ్ళు పోయే బెజ్జాలు తీగతో గుచ్చి తెరిచాను. గుమ్మం కింది సిల్లు, జాకీ పెట్టే చోటు, సస్పెన్షను బిగించే చోటు తుప్పు తింటే మాత్రం నాలాంటి కొత్తవాళ్ళు ముట్టుకోవద్దు. అది బరువు మోసే భాగం.

ఇవాళ పొద్దున పెద్దాయన వచ్చి నా అతుకు మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టారు. ఠంగుమంది. ఆయన తల ఊపి, కారు చుట్టూ తిరిగి ఎడమ పక్క తలుపు తీసి అక్కడా తట్టారు. "ఇటు కార్పెట్ తీశావా?" అన్నారు. ఇంకా తీయలేదు.