ఇంటర్‌లో 634 వచ్చాక నీట్ ఎలా చదివానంటే

2024 ఏప్రిల్ 12న ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. బైపీసీలో నాకు 1000కి 634. సెకండియర్ ఫిజిక్స్‌లో 60కి 24. విశాఖ గాజువాకలో మా ఇంట్లో, నాన్న ఫోన్లోనే చూశాం. ఆయన మార్కుల మెమో పైకీ కిందకీ జరిపి, "ఏటైపోయిందమ్మా ఇప్పుడు, ముందు అన్నం తిను" అన్నారు. ముద్ద దిగలేదు. మెడికల్ సీటు కోసం నెల తిరక్కుండా రాసిన నీట్ కూడా పోయింది.

ఇప్పుడు అలా కూర్చున్నవాళ్ళు ముందు ఇది తెలుసుకోండి. నీట్ ర్యాంకుకి ఇంటర్ మార్కులు కలపరు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలో అర్హతకి అడిగే కనీస మార్కులు ఉంటే చాలు. నాకు అంతకన్నా ఎక్కువే ఉంది. అది తెలీక వారం ఏడ్చాను. చుట్టాలు డిగ్రీలో చేర్చెయ్యమన్నారు, నాన్న మాత్రం ఒక్క ఏడాది చూద్దామన్నారు.

లాంగ్‌టర్మ్‌కి, అంటే ఏడాదంతా నీట్ కోసమే ఉండే కోచింగ్‌కి వెళ్ళాను. క్లాసు అయ్యాక ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చునేదాన్ని. మొదటి మూడు నెలలు ఊరికే చదివేశాను, మార్కులు కదల్లేదు. ఒకరోజు మాక్ పేపర్ ముందేసుకుని, తెలీకుండా ఊహించి పెట్టినవి వేరుగా లెక్కేశాను. 27 ప్రశ్నలు. అందులో 5 కరెక్టు. కరెక్టుకి నాలుగు చొప్పున 20 మార్కులు వచ్చి, తప్పుకి ఒకటి చొప్పున నెగెటివ్‌లో 22 పోయాయి. పోయినవి రెండు మార్కులే, కానీ ఆ 27 మీద పెట్టిన టైము? ఆ టైము అటు పోయి, నాకు వచ్చిన లెక్కలే వదిలేశాను.

అప్పట్నుంచి రెండు నోట్‌బుక్కులు పెట్టాను. ఒకదాంట్లో తెలీక తప్పినవి, రెండోదాంట్లో తెలిసీ తప్పినవి. రెండోదే ముందు నిండింది. సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చకపోవడం, "కానిది ఏది" అన్న మాట చూడకపోవడం, ఎక్కువ ఇవే. ఫిజిక్స్ రాదనుకున్నాను గానీ, సగం తప్పులు ప్రశ్న సరిగ్గా చదవకుండా రాసినవే. ప్రతి ఆదివారం ఆ తప్పిన ప్రశ్నల్నే మళ్ళీ చేసేదాన్ని, కొత్త ప్రశ్న ముట్టుకోకుండా.

బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం లైను లైనూ చదవాలి, నీట్ మార్కులు 720లో 360 బయాలజీవే. బట్టీ పట్టకండి. కిడ్నీలు నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడపోస్తాయని ఉంటుంది. 60తో, 24తో గుణించి చూడండి, రోజుకి 180 లీటర్లు. మూత్రంగా వచ్చేది లీటరున్నర. మిగతాదంతా రక్తంలోకి వెనక్కి ఎలా వెళ్తుందో అడిగితే నెఫ్రాన్ (కిడ్నీలో వడపోసే సన్నటి గొట్టం) పాఠం మొత్తం అదే. నాయనమ్మకి షుగరు, కేజీహెచ్ (విశాఖ పెద్దాసుపత్రి) ఓపీ లైన్లో ఆవిడ చీటీ పట్టుకుని నిలబడి ఆ పాఠం రెండుసార్లు చదివాను.

2025 మే 4న నీట్‌లో ఫిజిక్స్ చాలా కష్టంగా వచ్చింది. పక్కన ఎవరో ఏడుస్తున్నారు. నేను రానివి వదిలేసి, బయాలజీ పూర్తిచేసి మళ్ళీ వెనక్కొచ్చాను. సీటొచ్చింది.

ఆ రెండు నోట్‌బుక్కులూ మొన్న పక్కింటి అమ్మాయి తీసుకెళ్ళింది. తనకి కెమిస్ట్రీలో 60కి 23.