పదకొండు నలభై

పన్నెండు దాటింది. రేపు సెరాలజీ, అంటే రక్తం మరకల పరీక్షల రికార్డు ఇవ్వాలి, ఇంకా నాలుగు పేజీలు మిగిలాయి. అయినా ముందు ఇది రాయకపోతే నిద్ర పట్టదు.

ఇవాళ మా ఫోరెన్సిక్ క్లాసుకి మాక్ క్రైమ్ సీన్, అంటే అభ్యాసం కోసం పెట్టిన ఉత్తుత్తి నేరస్థలం. స్టోర్ రూమ్‌లో ఒక బల్ల, పడిపోయిన కుర్చీ, నేల మీద మరకలు, బల్ల మీద స్టీలు గ్లాసు. మన కెమెరా అమ్మాయికి ఫోటోలు, నాకు సేకరణ, ఫారాలు. గ్లాసు మీద పౌడరు వేసి టేపుతో ఎత్తితే ముద్ర ఎంత బాగా వచ్చిందో! గీతలు వంపు తిరిగే లూప్, త్రికోణంలా కలిసే డెల్టా, గీతలు చీలిన చోట్లు, అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. ఈ రెండేళ్ళలో నా చేత్తో అంత మంచి ముద్ర ఎప్పుడూ రాలేదు. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా ఆగలేదు.

భోజనాలయ్యాక సార్ డిఫెన్స్ లాయరుగా కూర్చుని నా ఫారం తీశారు.

"గ్లాసు మీది ముద్ర ఎన్నింటికి ఎత్తావమ్మా?"

"పదకొండు నలభైకి సార్."

"పన్నెండూ ఎనిమిదికి తీసిన ఫోటోలో గ్లాసు బల్ల మీదే ఉంది. ఇంకా పౌడరు కూడా పడలేదు. ఇదెలా?"

క్లాసంతా నన్నే చూస్తోంది. నిజమేమిటంటే, అన్ని వస్తువులకీ సమయాలు నేను చివర్లో కూర్చుని ఊహించి రాశాను. పదకొండు నలభై, నలభై అయిదు, యాభై అని వరసగా. అందరూ అలాగే రాస్తారు. చేతులకు గ్లౌజులు, ఒక చేతిలో బ్రష్, ఇంకో చేతిలో టార్చి, గడియారం ఎప్పుడు చూడాలి? పైగా ఆరుగురికి ఒకే బ్రష్.

బస్సులో వస్తున్నంత సేపూ సార్ మీద కోపమే. రెండేళ్ళుగా మాకు నేర్పిందేమిటి? సీనియర్ల రికార్డు తెచ్చుకో, చూసి రాసెయ్. పోయిన వారం కాజిల్ మేయర్ పరీక్షే తీసుకోండి. మరక మీద ఫినాల్ఫ్తలిన్ ద్రావణం ఒక చుక్క, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వేస్తే, రక్తమైతే కొన్ని సెకన్లలో గులాబీ రంగు రావాలి. మాకు రాలేదు. రక్తమని తెలిసిన శాంపిల్‌కి కూడా రాలేదు. అంటే మందే పాడైంది. అయినా అందరం "గులాబీ రంగు వచ్చింది" అనే రాసుకున్నాం, ఎందుకంటే "రాలేదు" అని రాస్తే మార్కులు పోతాయి. జరగనిది జరిగినట్టు రాయడం నేర్పింది వాళ్ళే, ఇప్పుడు బోనులో నిలబెట్టి అడిగేదీ వాళ్ళే. ఇది న్యాయమా?

ఇంటికొచ్చేసరికి బాబాయి. మళ్ళీ అదే ప్రశ్న, "ఇంతకీ శవాలు కోస్తావా, పోలీసుల్లో చేరతావా?" పోస్టుమార్టం చేసేది డాక్టర్లు బాబాయ్, మాది ల్యాబుకు సీలు వేసి వచ్చే వస్తువుల పని అని ఎన్నిసార్లు చెప్పాను! ఉద్యోగాలెక్కడున్నాయన్నాడు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళాలని ఉంది, అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువుంది, మనుషులు కావాల్సిందే అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ గొంతు బాబాయి మీద కోపంతో వచ్చింది కాదు.

గాంధీనగర్ ఫోరెన్సిక్ యూనివర్సిటీ వాళ్ళు పెట్టే ఫ్యాక్ట్ పరీక్షకు చదువుదామని పుస్తకం తీస్తే, వేలిముద్రల చరిత్ర వచ్చింది. 1897లో కలకత్తాలో మన దేశపు మొదటి వేలిముద్రల బ్యూరో. ముద్రలను వర్గాలుగా పంచే లెక్కలో చాలా పని అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లది. పద్ధతికి మాత్రం వాళ్ళ పై అధికారి, పోలీసు దొర హెన్రీ పేరు. ఎన్నిసార్లు చదివినా అక్కడ మనసు చివుక్కుమంటుంది. ఇవాళ అక్కడి నుంచి నానమ్మ గుర్తొచ్చింది.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఊళ్ళో రేషన్ షాపుకి వేలిముద్ర మిషన్ వచ్చింది. నానమ్మ ఏళ్ళ తరబడి రోజూ వెయ్యి బీడీలు చుట్టిన మనిషి. బొటనవేలు కొంగుకి తుడుచుకుని పెట్టింది. పడలేదు. చూపుడు వేలు, ఉంగరం వేలు, ఎడమ చెయ్యి, ఏదీ పడలేదు. మర్నాడు నిమ్మచెక్కతో రుద్దుకుని వెళ్ళింది. మూడో రోజు నేనూ వెంట వెళ్ళాను. ఎండలో గంటన్నర లైను. "నా ఏలు నాది గాదంటదా బిడ్డా గా మిషిను?" అంది. జీవితమంతా నిశాని వేసి బతికిన మనిషికి ఆ నిశాని కూడా చెల్లలేదు. నేను డీలర్ రిజిస్టర్‌లోకి తొంగి చూశాను. నానమ్మ పేరు ఎదురుగా మూడు రోజులూ ఒకటే మాట: "రాలేదు".

వచ్చింది. నానమ్మ మూడు రోజులూ షాపుకి వచ్చింది. నేను అరిస్తే డీలర్ విసుగు లేకుండానే చెప్పాడు, "ఏదో ఒకటి రాయాలె గద, అందరం గట్లనే రాస్తం."

పోయిన దసరాకి నానమ్మ పది వేళ్ళకీ ఇంకు పూసి కార్డు మీద తీశాను. బొటనవేళ్ళు దాదాపు నున్నగా ఉన్నాయి, మధ్యలో తెల్లటి ముడతలు. కుడి ఉంగరం వేలికి మాత్రం లూప్ కనిపించింది.

సార్ మీద కోపం పోలేదు. మందు పాడైన సంగతి రేపు అడుగుతాను. కానీ పదకొండు నలభై నేను రాసిందే, "అందరూ అలాగే రాస్తారు" అని పైన రాసింది కూడా నేనే.

అసలు గుచ్చుకుంటున్నది ఇంకా చెప్పలేదు. సార్ అడిగినప్పుడు నేను, "కెమెరాలో టైము తప్పయ్యుంటుంది సార్" అన్నాను. పొద్దున ఆ అమ్మాయి ఫోను పక్కన పెట్టుకుని, నా ముందే కెమెరా గడియారం సరిచేసుకుంది. ఆ మాట విని తలెత్తి నన్ను చూసింది. ఏమీ అనలేదు. రాత్రి తొమ్మిదింటికి ముద్ర ఫోటో పంపింది, స్కేలు పెట్టి తీసింది. కింద "నీది ఎంత క్లియర్‌గా వచ్చిందో చూడు" అని రాసింది. ఇంకా జవాబివ్వలేదు. ఫోనులో కాదు, రేపు క్లాసులో అందరి ముందే చెప్పాలి.

ఫారంలో వైట్‌నర్ పనికిరాదు. తప్పు మీద ఒకే గీత, పక్కన సంతకం, తేదీ. కానీ సరైన సమయం ఏమని రాయను? "12.08 తర్వాత. కచ్చితమైన సమయం నమోదు చేయలేదు." అంతకుమించి నాకు తెలియదు.

సీనియర్ రికార్డు మూసేశాను. కాజిల్ మేయర్ పేజీలో "తెలిసిన రక్తపు శాంపిల్‌కి రంగు రాలేదు. పెరాక్సైడ్ సీసా మీద తెరిచిన తేదీ లేదు" అని రాశాను. ఇంకా మూడు పేజీలు.