కాగితం చదివి చెప్పరా?

"అన్నా, ఇందులో ఏం రాసినారో చెప్పన్నా" అంటూ ఒక తల్లి కాగితం నా చేతిలో పెట్టింది. అంతా కన్నడం. కింద అప్పటికే ఆమె వేలిముద్ర. బొటనవేలికి సిరా ఇంకా పోలేదు.

అనంతపురం నుంచి మారతహళ్లికి బిల్డింగ్ పనికొచ్చింది. పిల్లాడు రోడ్డు మీద ఒంటరిగా కనిపిస్తే ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. బాలల సంక్షేమ సమితి వాణ్ని పిల్లల హోమ్‌లో ఉంచింది. ఫోన్ చేసి మంచిదే చేశారు. కానీ తల్లికి అర్థమయ్యేలా ఒక్క మాట చెప్పరా? బెంగళూరులో తెలుగొచ్చినవాళ్లే కరువా!

2015 బాలల న్యాయ చట్టంలోనే ఉంది: పిల్లల్ని పెంచే మొదటి బాధ్యత కన్నవాళ్లది, హోమ్ చివరి మార్గం. సమితి ఉత్తర్వుపై 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది.

"అట్లయితే నా కొడుకును పంపియ్యమని నేను అడగొచ్చా?" అంది. అడగొచ్చమ్మా, గట్టిగా అడుగు.

రేపు సమితి దగ్గరికి వెళ్తున్నాం. కన్నడం బాగా చదవగలిగినవాళ్లు తోడొస్తారా?